ఆర్సీ కారుకి ఫ్యాన్ బిగించి నడపాలంటే: గాలి దారి, థ్రస్ట్, బ్రేకు

ఆర్సీ కార్లంటే, అంటే రిమోట్‌తో నడిపే చిన్న కార్లంటే, పిచ్చి ఉన్నవాళ్ళు యూట్యూబ్‌లో ఆ వీడియోలు చూసే ఉంటారు, వెనకాల జెట్ ఇంజిన్‌లాంటి గొట్టం పెట్టుకుని కుయ్‌య్‌మని విజిల్ వేసుకుంటూ దూసుకుపోయే చిన్న కార్లు. ఆ గొట్టం పేరు ఎలక్ట్రిక్ డక్టెడ్ ఫ్యాన్, అందరూ ఈడీఎఫ్ అంటారు, అసలు మోడల్ జెట్ విమానాల కోసం తయారైంది. వీడియో చూడగానే మనకీ ఒకటి కావాలనిపిస్తుంది, ఆన్‌లైన్‌లో వెతుకుతాం, ఏ ఫ్యాన్‌కి ఎక్కువ థ్రస్ట్, అంటే తోపు, రాసుంటే అది కొంటాం. నేను కూడా ఒక బండి చేశాను, బాగా నడుస్తోంది, గ్రూపుల్లో అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి ఒకేచోట రాసేద్దామని కూర్చున్నా. ముందే ఒక మాట, ఈ బండిలో ఫ్యాన్ కొనడం అన్నిటికన్నా తేలికైన పని. ఫ్యాన్‌లోకి గాలి సాఫీగా వెళ్ళేలా చేయడం, నడిచే బండిని ఆపడం, అసలు పని అంతా ఈ రెండిటి దగ్గరే ఉంది.

మా అక్క కొడుకు మొదటిసారి చూసినప్పుడు "మామా, చక్రాలు తిప్పకుంట బండెట్ల నడుస్తది?" అని అడిగాడు. మంచి ప్రశ్న. మామూలు కారులో మోటారు చక్రాన్ని తిప్పుతుంది, చక్రం నేలని వెనక్కి తోస్తుంది, నేల కారుని ముందుకు తోస్తుంది, అంటే టైరుకి గ్రిప్ ఉన్నంతవరకే లాగుడు. ఫ్యాన్ బండిలో నేలతో సంబంధం లేదు, ఫ్యాన్ గాలిని వెనక్కి నూకుతుంది, గాలి ఫ్యాన్‌ని ముందుకు నూకుతుంది, చక్రాలు ఊరికే దొర్లుతాయి. అందుకే దుమ్ము పట్టిన సిమెంటు మీద మామూలు ఆర్సీ కారు టైర్లు గిర్రున తిరిగి తోక ఊపుతుంటే, ఫ్యాన్ బండి మాత్రం గీత గీసినట్టు పోతుంది. వెనక టైర్లకి బండిని తోసే పని లేదు కదా, వాటి గ్రిప్పంతా మలుపులకే మిగులుతుంది.

ఇదేం కొత్త ఐడియా కాదు. ఫ్రాన్స్‌లో మార్సెల్ లెయా అనే ఇంజినీరు మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక హెలికా అని ముందువైపు ప్రొపెల్లర్ ఉన్న కార్లే తయారు చేసి అమ్మాడు, 1927లో ఒక హెలికా మోంట్లెరీ ట్రాక్ మీద గంటకి 170 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. నాకు ఇంకా ఇష్టమైనది జర్మనీలో ఫ్రాంజ్ క్రూకెన్‌బర్గ్ చేసిన రైలు జెప్పెలిన్, వెనకాల ప్రొపెల్లర్ పెట్టిన రైల్వే బోగీ, 1931 జూన్ 21న హాంబర్గ్ బెర్లిన్ లైను మీద గంటకి 230 కిలోమీటర్లు కొట్టింది. మాది కాజీపేట, చిన్నప్పటినుంచి లోకోషెడ్ చప్పుళ్ళ మధ్య పెరిగినోళ్ళం, అందుకే ఆ బోగీ ఫోటో చూస్తే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. మరి అంత స్పీడు వెళ్ళింది సర్వీసులోకి ఎందుకు రాలేదంటే, జనం నిండిన ప్లాట్‌ఫారం పక్కన బయట తిరిగే ప్రొపెల్లర్ ఎంత డేంజరో చెప్పక్కర్లేదు, పైగా వెనకాల ఇంకో బోగీ తగిలించడానికి లేదు. మన చిన్న బండికి డక్ట్, అంటే ఫ్యాన్ చుట్టూ ఉండే గొట్టం, ఎందుకు కావాలో కూడా అక్కడే అర్థమవుతుంది.

ఇంకో విషయం, "ఫ్యాన్ కార్" అని వెతికితే 1978లో స్వీడన్ గ్రాండ్ ప్రిలో నికీ లౌడా గెలిచిన బ్రాభమ్ కారు కూడా వస్తుంది. అది వేరే సంగతి, ఆ ఫ్యాన్ కారు కింద గాలిని లాగేసి కారుని నేలకి అదిమి పట్టేది, ముందుకు తోసే పని చక్రాలదే.

ఇప్పుడు లెక్కలు. లెక్కలంటే భయపడకండి, ఇవి తెలిస్తే డబ్బులు మిగులుతాయి. నేను వాడింది 64 ఎంఎం ఫ్యాన్, 4ఎస్ లైపో (నాలుగు లిథియం సెల్స్ వరసగా కలిపిన) బ్యాటరీ, టార్గెట్ ఒక కిలో థ్రస్ట్. రెక్కలు తిరిగే వలయంలోంచి మధ్యలో హబ్ (రెక్కలు బిగించే దిమ్మ) తీసేస్తే గాలి పోయే దారి సుమారు 26 చదరపు సెంటీమీటర్లు. అంత చిన్న కంతలోంచి కిలో థ్రస్ట్ రావాలంటే గాలి సెకనుకి 56 మీటర్ల వేగంతో బయటికి రావాలి, అంటే గంటకి 200 కిలోమీటర్లు! ఆ గాలికి ఇవ్వాల్సిన పవర్ దాదాపు 275 వాట్లు, అది కూడా లాసులు ఏమీ లేకపోతే. మోటారు లాసు, రెక్కల లాసు అన్నీ కలుపుకుంటే బ్యాటరీ నుంచి 500, 550 వాట్లు లాగుతుందని లెక్క వేసుకోవాలి. అదే కిలో థ్రస్ట్ 10 అంగుళాల మామూలు ప్రొపెల్లర్‌తో తెస్తే లెక్క ప్రకారం 90 వాట్ల లోపే అయిపోతుంది. ఎందుకంటే ఎక్కువ గాలిని మెల్లగా తోయడం చవక, కొంచెం గాలిని గట్టిగా తోయడం ఖరీదు. అట్లాంటప్పుడు ప్రొపెల్లర్ పెట్టొచ్చు కదా అంటారా, 10 అంగుళాల ప్రొపెల్లర్ నేలకి జానెడు ఎత్తులో, పిల్లలు తిరిగే చోట, బయటికి కనపడేలా తిరగడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఆ ఖర్చు డక్ట్‌కే పెడతా, సంతోషంగా పెడతా.

ఇంకో లెక్క కూడా ఉంది. బండి గంటకి 36 కిలోమీటర్ల స్పీడులో ఉన్నప్పుడు ఫ్యాన్ గాలికి ఇచ్చిన శక్తిలో బండికి చేరేది 30 శాతం చుట్టుపక్కలే, మిగతాదంతా వెనక గాలిలో కలిసిపోతుంది. 72 కిలోమీటర్లు దాటితే సగం పైన చేరుతుంది. కాబట్టి ఇది బ్యాటరీ పొదుపు చేసే బండి కాదు, 2200 ఎంఏహెచ్ బ్యాటరీ ఫుల్ థ్రాటిల్ మీద మూడున్నర నిమిషాలు వస్తే గొప్ప. ఆ మూడున్నర నిమిషాలు మాత్రం వేరే లెవెల్.

మోటారు కేవీ గురించి చాలామంది అడుగుతారు. కేవీ అంటే ఒక్క వోల్టుకి లోడ్ లేకుండా ఎన్ని ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) అని, 3500 కేవీ మోటారుకి 14.8 వోల్టులు ఇస్తే లెక్క ప్రకారం 51,800, రెక్కల లోడ్ పడ్డాక 40,000 దగ్గర తిరుగుతుందనుకోండి. ఆ లెక్కన రెక్క చివర గంటకి 480 కిలోమీటర్ల వేగం. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి, సేఫ్టీ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఇక గాలి దారి. ఫ్యాన్ కొంటే వచ్చేది సాధారణంగా తిన్నగా కోసినట్టుండే గొట్టం, దాని ముందు అంచు పదునుగా ఉంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఫ్యాన్ ఎదురుగా ఉన్న గాలినే కాదు, పక్కలనుంచి, వెనక నుంచి కూడా లాక్కుంటుంది. ఆ గాలి పదునైన అంచు దగ్గర ఒక్కసారిగా మలుపు తిరగలేక గోడని వదిలేసి సుడులు తిరుగుతుంది, ఆ సుడులు నేరుగా రెక్కల చివర్లకి తగులుతాయి, రెక్కల్లో ఎక్కువ పని చేసే భాగమే అది. అప్పుడు సౌండ్ కూడా విజిల్‌లా రాదు, బరబర గీకినట్టు వస్తుంది. అదే అంచుని సన్నాయి మూతిలా గుండ్రంగా విప్పితే గాలి గోడని పట్టుకునే లోపలికి జారుతుంది. ఇంకో అందమైన విషయం ఏంటంటే, ఆ గుండ్రటి అంచు మీదుగా గాలి వేగంగా జారేటప్పుడు అక్కడ ప్రెషర్ పడిపోయి అంచే ముందుకు లాగబడుతుంది, అంటే థ్రస్ట్‌లో కొంత భాగం ఆ మూతి నుంచే వస్తుంది. దీన్ని బెల్‌మౌత్ అంటారు. కొంతమంది ఫ్యాన్‌తోపాటే ఇస్తారు, ఇవ్వకపోతే త్రీడీ ప్రింట్ చేయించుకోవచ్చు, నేను మాత్రం పీవీసీ పైపుతో చేశాను.

పద్ధతి చెప్తా. హార్డ్‌వేర్ షాపులో 75 ఎంఎం పీవీసీ పైపు పల్చటి రకం ముక్క దొరుకుతుంది, వెళ్ళేటప్పుడు ఫ్యాన్ జేబులో వేసుకుపోయి అక్కడే పెట్టి చూసుకోండి, గోడ మందం ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. నాలుగు వేళ్ళ వెడల్పు ముక్క కోసి, అంచు సాండ్ పేపర్‌తో సాఫ్ చేసి, హీట్ గన్‌తో అంచు చుట్టూ తిప్పుతూ వేడి చేయాలి. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మాడనివ్వకూడదు, మాడితే వచ్చే పొగ మంచిది కాదు, అందుకే డాబా మీద చేయాలి ఈ పని. అంచు తోలులా వంగుతున్నప్పుడు గుండ్రటి అడుగున్న స్టీలు గిన్నె బోర్లించి దాని మీద పైపుని నిదానంగా నొక్కితే అంచు పువ్వులా విచ్చుకుంటుంది. అట్లాగే పట్టుకుని తడిగుడ్డ వేస్తే ఆ షేపులోనే బిగుసుకుపోతుంది. అంచు వంపు 7, 8 ఎంఎం రేడియస్ అయినా ఉండాలి, ఎక్కువుంటే ఇంకా మేలు. పైపుకీ ఫ్యాన్ హౌసింగ్‌కీ మధ్య మెట్టు ఉండకూడదు, గోరు పెట్టి లోపలివైపు జాయింట్ మీద లాగితే గోరు తట్టకూడదు. తడితే ఎంసీల్ పూసి, ఆరాక రుద్ది సాఫ్ చేయండి. ఈ ఒక్క జాయింట్ మీద నేను పెట్టిన టైమ్ మిగతా బండి మొత్తం మీద కూడా పెట్టలేదేమో.

నిజంగా తేడా ఉందా అంటే కొలుచుకుని చూడండి. వంటింటి డిజిటల్ కాటా మీద ఒక చెక్క స్టాండ్ పెట్టి, ఫ్యాన్‌ని గాలి పైకి ఊదేలా నిలబెట్టి గట్టిగా బిగిస్తే, థ్రస్ట్ కిందకి నొక్కుతుంది, కాటా గ్రాముల్లో చూపిస్తుంది. గాలి లాక్కునే మూతి కిందవైపు ఉంటుంది కాబట్టి కాటాకీ మూతికీ మధ్య కనీసం ఒక జానెడు ఖాళీ వదలండి, లేకపోతే తప్పు రీడింగ్ వస్తుంది. బ్యాటరీ వైర్‌లో వాట్‌మీటర్ పెడితే వాట్లు కూడా తెలుస్తాయి. బెల్‌మౌత్ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి, అదే వాట్ల దగ్గర చూడండి, కాటా మీద అంకె ఎక్కడికి ఎక్కుతుందో మీరే చూస్తారు. మా వాడు ఆ అంకె చూసి ఎగిరి గంతేశాడు, నేను కూడా లోపల అంతే ఎగిరాను. వెనకవైపు గొట్టం మాత్రం సన్నగా చేయకండి. జెట్ మోడళ్ళలో వెనక మూతి కొంచెం బిగిస్తారు, అది పైన స్పీడులో పనికొస్తుంది, మన బండికి కావాల్సింది కింది స్పీడులో తోపు, అందుకే వెనక దారి ఫ్యాన్ దారంత వెడల్పుగానే వదిలేశా.

చాసిస్, అంటే బండి అడుగు ఫ్రేము, టమియా కంపెనీ టీటీ-02, పాతది. వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) 257 ఎంఎం, షాఫ్ట్ డ్రైవ్, నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే లైను. కిట్‌తో వచ్చే ప్లాస్టిక్ బుష్‌లు తీసేసి 1150 సైజు బాల్ బేరింగులు వేయండి, ఫ్యాన్ బండికి రోలింగ్ తేలిగ్గా ఉండటం చాలా ముఖ్యం. ఫ్యాన్‌ని అల్యూమినియం యాంగిల్ ముక్కలతో వెనక షాక్ టవర్ (షాక్ అబ్జార్బర్లు బిగించే పట్టీ) వెనకాల బిగించా. ఎత్తు ఎంత అనేది ఆలోచించి పెట్టాలి. ఫ్యాన్ సెంటర్ బండి బరువు కేంద్రం కన్నా 6 సెంటీమీటర్లు పైన ఉందనుకోండి, కిలో థ్రస్ట్ ఇచ్చినప్పుడు 6 ని 25.7 తో భాగిస్తే వచ్చేంత, అంటే 230 గ్రాముల పైచిలుకు బరువు వెనక చక్రాల మీంచి ముందు చక్రాల మీదకి వెళ్ళిపోతుంది. మామూలు కారు స్పీడు అందుకునేటప్పుడు ముక్కు పైకెత్తుతుంది, ఇది ముక్కు దించుతుంది. వెనక తేలికైతే మలుపులో తోక జారుతుంది. అట్లా అని ఫ్యాన్‌ని నేలకి ఆనించి పెడితే రాళ్ళూ దుమ్మూ అన్నీ పీల్చేస్తుంది. మధ్యే మార్గంగా ఫ్యాన్‌ని కొంచెం ఎత్తులోనే ఉంచి, బ్యాటరీని వెనక్కి జరిపా, ముందు స్ప్రింగులు కాస్త గట్టివి వేశా. మూతికి ముందు బాడీ షెల్ అడ్డం రాకూడదు, వెనక అద్దం భాగం మొత్తం కోసేయాల్సిందే, చూడ్డానికి కొంచెం బాధగానే ఉంటుంది.

ఇప్పుడు ఎలక్ట్రానిక్స్, ఇక్కడ జాగ్రత్తగా చదవండి. ఈఎస్సీ అంటే మోటారు స్పీడుని కంట్రోల్ చేసే బోర్డు. కారు ఈఎస్సీకి ట్రిగ్గర్ మధ్యలో ఉంటే న్యూట్రల్, నొక్కితే ముందుకి, తోస్తే బ్రేకు. రిసీవర్ (బండిలో రిమోట్ సిగ్నల్ అందుకునే పెట్టె) ఈఎస్సీకి పంపే న్యూట్రల్ పల్స్ 1.5 మిల్లీసెకన్లు. ఫ్యాన్‌కి వాడేది విమానం ఈఎస్సీ, దానికి జీరో అంటే 1 మిల్లీసెకను, 1.5 అంటే సగం థ్రాటిల్. పిస్టల్ రిమోట్‌కి దాన్ని ఊరికే తగిలిస్తే ట్రిగ్గర్ వదిలేసినా సగం థ్రాటిల్ అనే అర్థం చేసుకుంటుంది, మంచి ఈఎస్సీ అయితే బీప్ బీప్ అంటూ ఆర్మ్ అవ్వదు, అంటే మోటారుని తిప్పడానికి ఒప్పుకోదు. పరిష్కారం థ్రాటిల్ క్యాలిబ్రేషన్. ఫ్యాన్‌లోంచి రోటర్ (తిరిగే రెక్కల చక్రం) తీసేసి, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి పట్టుకుని బ్యాటరీ పెట్టి, బీప్ వచ్చాక ట్రిగ్గర్ వదిలేస్తే, న్యూట్రల్‌నే జీరోగా నేర్చుకుంటుంది. స్టిక్ రిమోట్ వాడితే ఈ గొడవ లేదు కానీ స్టిక్‌కి స్ప్రింగ్ ఉండదు, వదిలేసినా థ్రాటిల్ అట్లాగే ఉండిపోతుంది, నేల మీద నడిచే బండికి అది నాకు నచ్చదు. వేలు తీస్తే ఫ్యాన్ ఆగాలి, అంతే. రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే ఫ్యాన్ ఆపే సెట్టింగ్) కూడా సెట్ చేసి, రిమోట్ ఆఫ్ చేసి ఫ్యాన్ ఆగుతుందో లేదో చూశాకే బండిని కింద పెట్టండి. ఇంకో చిన్న సంగతి, వైర్లు పొడుగు చేయాల్సి వస్తే మోటారు వైపు మూడు వైర్లే పొడిగించండి, బ్యాటరీ వైపు పొడిగిస్తే ఓల్టేజ్ స్పైకులకి ఈఎస్సీ కెపాసిటర్లు పోతాయి.

బ్రేకు. నాకు ఈ బండి మొత్తంలో బాగా ఇష్టమైన భాగం. ఫ్యాన్ ఆపినంత మాత్రాన బండి ఆగదు, బేరింగులు వేసి రోలింగ్ తేలిక చేశాం కదా, ఎక్కడికో దొర్లుకుంటూ పోతుంది. కిలో 700 గ్రాముల బండి గంటకి 50 కిలోమీటర్లతో ఎవరి కాలికైనా తగిలితే చిన్న దెబ్బ కాదు. నేను చేసిందేంటంటే, టీటీ-02 తో వచ్చిన 540 సైజు మోటారుని తీసేయకుండా అక్కడే ఉంచా, దానికి కరెంట్ ఇవ్వను. చక్రాలు తిరుగుతుంటే గేర్ల ద్వారా ఆ మోటారు కూడా తిరుగుతుంది, అంటే అది డైనమో. రెండు వైర్లు విడిగా ఉంటే ఊరికే తిరుగుతుంది, రెండూ కలిపితే దానిలో పుట్టిన కరెంటే దాన్ని పట్టి ఆపుతుంది. షాఫ్ట్ డ్రైవ్ కాబట్టి నాలుగు చక్రాలకీ బ్రేకు పడుతుంది. డీజిల్ రైలింజిన్లలో డైనమిక్ బ్రేకు పని చేసేది సరిగ్గా ఇట్లాగే, ట్రాక్షన్ మోటార్లు జనరేటర్లయిపోయి ఆ కరెంటు రెసిస్టర్లలో వేడిగా పోతుంది.

వైర్లు కలపడానికి కార్ల హారన్‌కి వాడే 5 పిన్నుల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) వాడా, ఆటో ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. రిసీవర్ థ్రాటిల్ ఛానల్‌కి వై కేబుల్ వేసి ఒకటి ఈఎస్సీకి, ఒకటి ఆర్డువినో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి ఇచ్చా, ట్రిగ్గర్ తోసినప్పుడు పల్స్ 1.3 మిల్లీసెకన్ల కిందకి వస్తే నానో రిలేని వదిలేస్తుంది. వదిలేస్తుంది అనే మాట గమనించండి, రిలేలో కరెంట్ లేనప్పుడు కలిసి ఉండే పిన్ను వాడా, అంటే రిలే పని చేస్తున్నంతసేపే బ్రేకు విడిచి ఉంటుంది. సిగ్నల్ పోతే నానో ఎట్లాగూ రిలేని వదిలేసేలా రాశా, వైరు ఊడినా, బ్యాటరీ పోయినా బ్రేకు దానంతటదే పడుతుంది. రైలు బోగీల ఎయిర్ బ్రేకు పైపు తెగితే బండి ఆగిపోయేదీ ఇదే సూత్రం మీద. ఈ మోటారు బ్రేకుకి రెండు గుణాలున్నాయి. స్పీడు ఎక్కువున్నప్పుడు గట్టిగా పడుతుంది, నెమ్మదించే కొద్దీ పట్టు తగ్గుతుంది, చివరి రెండు మూడు మీటర్లు దొర్లుతూనే ఆగుతుంది. రెండోది, మామూలు గేరు మీద చక్రం ఒక్క చుట్టు తిరిగితే మోటారు 8 చుట్లు దాటి తిరుగుతుంది, ఫ్యాన్ స్పీడుకి మోటారు తట్టుకునే ఆర్పీఎం దాటిపోతుంది, అందుకే పెద్ద పినియన్ (మోటారు మీది గేరు), చిన్న స్పర్ (దానితో కలిసి తిరిగే గేరు) ఉండే హైస్పీడ్ గేర్ సెట్ తప్పనిసరి.

సేఫ్టీ. రెక్క చివర 480 కిలోమీటర్ల వేగం అన్నాను కదా, చిన్న రాయి పడి రెక్క విరిగితే ముక్క పక్కకే వస్తుంది, ముందుకో వెనక్కో కాదు. అందుకే ఫ్యాన్ తిరిగేటప్పుడు దాని పక్కన ఎవరూ నిలబడకూడదు, కాటా మీద టెస్ట్ చేసేటప్పుడు మొహం ఆ లైన్లో పెట్టి చూడకూడదు, కళ్ళజోడు ఉండాలి. మూతికి సన్నటి వైరు మెష్ బిగించండి, థ్రస్ట్ కొంచెం తగ్గుతుంది, తగ్గనీయండి. రన్ అయిపోయిన ప్రతిసారీ బ్యాటరీ తీసేసి ప్రతి రెక్క మొదట్లో గోరుతో తడిమి చూస్తాను, సన్నటి చీలిక ఉన్నా గోరుకి తెలుస్తుంది, ఉంటే రోటర్ మార్చడమే, అతికించడం లేదు. లైపో సెల్ 3.5 వోల్టుల కిందకి దించకండి, వాడకుండా ఉంచేటప్పుడు 3.8 దగ్గర పెట్టండి, మన మే నెల ఎండల్లో కారు డాష్‌బోర్డు మీద అస్సలు వదలకండి.

మేం నడిపేది ఆదివారం పొద్దున్నే, ఖాళీగా ఉండే పొడుగాటి సిమెంటు రోడ్డు మీద. బాస్కెట్‌బాల్ కోర్టు చాలదు, కిలో థ్రస్ట్‌కి ఈ బండి 15 మీటర్లలోనే గంటకి 40 దాటేస్తుంది, తర్వాత ఆగడానికి చోటు కావాలి. ట్రిగ్గర్ నొక్కగానే బండి కదలదు, ఒక్క క్షణం ఫ్యాన్ ఊపిరి పీల్చుకున్నట్టు స్పీడు అందుకుంటుంది, ఆ తర్వాత తోపు మొదలైతే ఎక్కడా తగ్గదు, టైర్ల కీచు లేదు, గేర్ల మోత లేదు, విజిల్ ఒక్కటే. మావాడు అయితే రోడ్డు చివర నిలబడి "మామా ఇప్పుడు ఆపు, ఇప్పుడు ఆపు" అని అరుస్తుంటాడు, బ్రేకు దూరం చాక్‌పీసుతో గీసేది వాడే. ఇప్పుడు బ్రేకు వైర్ల మధ్య పాత ఇస్త్రీ పెట్టె నైక్రోమ్ తీగ ముక్క పెట్టి మొదటి పట్టు కొంచెం మెత్తగా చేయాలని చూస్తున్నాం, తీగ ఎంత పొడుగుంటే బాగుంటుందో చాక్‌పీసు గీతలు చూసి తేలుస్తాం. రీడింగులు వచ్చాక నానో కోడ్‌తో కలిపి ఇక్కడే పెడతా.